భోజనం ముందు ప్రార్థన ఏ భాషలో?



ఈ మధ్య ఒక విచారణలో ఆదివారం పూజ ముగిసిన తరువాత ఒక కుటుంబం వారు నన్ను భోజనానికి పిలిచారు. వడ్డన అయింది. యు.కె.జి. చదివే పాప చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, బడిలో నేర్పిన ఇంగ్లీషు ప్రార్థనను ఒక్క గుక్కలో అప్పజెప్పింది. అందరం ఆమెన్ అన్నాం. నాయనమ్మ మాత్రం గరిటె పప్పుగిన్నెలోనే ఉంచి, "అయిందా తల్లీ?" అని అడిగింది. పాప నా వైపు వంగి మెల్లగా, "నాయనమ్మకి ప్రార్థన రాదండీ" అన్నది.

ఆ నాయనమ్మ నలభై ఏళ్లకు పైగా ఏ రోజూ జపమాల మానని మనిషి. ఆ పాప తండ్రికి పరలోక జపం, మంగళవార్త జపం నేర్పింది ఆమే. అయినా మనవరాలి దృష్టిలో ఆమెకు ప్రార్థన రాదు. పాపను తప్పుపట్టడానికి లేదు. ఆ ఇంట్లో అన్నం ముందు తెలుగు ప్రార్థన ఆ పిల్ల చెవిన ఎన్నడూ పడలేదు. పాప ఇంగ్లీషు ముద్దుగా ఉన్నదని పెద్దలందరూ తమ ప్రార్థన మానుకున్నారు. ఈ వారం పాఠం ఆ చిన్న మాటలోంచి పుట్టింది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో స్పానిష్ మాట్లాడే కథోలికులు కోట్ల సంఖ్యలో ఉన్నారు. వారి ఇళ్లలోనూ అమ్మమ్మది ఒక భాష, బడిది మరో భాష. టెక్సాస్ రాష్ట్రంలో ఒకప్పుడు బడిలో స్పానిష్ మాట్లాడిన పిల్లలను శిక్షించేవారు. (తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులను మనమూ చూశాం. వాటిలో మన శ్రీసభ బడులు ఒక్కటీ లేదని నేను చెప్పలేను.) ఆ రాష్ట్రంలోని కింగ్స్‌విల్ పట్టణంలో పుట్టిపెరిగిన కార్మెన్ లోమాస్ గార్సా అనే చిత్రకారిణి 1990లో చిన్నపిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. పేరు కూడా రెండు భాషల్లోనే: 'ఫ్యామిలీ పిక్చర్స్', 'క్వాద్రోస్ దె ఫమీలియా'. అంటే కుటుంబ చిత్రాలు. ప్రతి బొమ్మకూ ఇంగ్లీషులో నాలుగు మాటలు, స్పానిష్‌లో నాలుగు మాటలు పక్కపక్కనే ఉంటాయి.

అందులో ఒక బొమ్మ ఆమె తల్లిదండ్రుల వంటగది. ఇంటిల్లిపాదీ కలిసి తమాలెలు చేస్తున్నారు. మొక్కజొన్న పిండి ముద్దను ఎండిన పొత్తుల రేకు మీద పరచి, లోపల మాంసం పెట్టి, చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం అది. కోనసీమలో పనస ఆకుల బుట్టల్లో పొట్టిక్కలు వండడం చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. ఆ బొమ్మలో తాతగారి పక్కన చేరి పిల్లలు రేకులు నానబెడుతున్నారు, తల్లి పిండి పరుస్తున్నది, అత్తామామలు మాంసం పెడుతున్నారు, చుట్టినవాటిని నాయనమ్మ వరుసగా పేరుస్తున్నది. కొన్ని ఇళ్లలో ఈ పని ఆడవారిదేననీ, తమ ఇంట్లో అందరిదీననీ ఆమె చెబుతుంది. మన మగవారు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి!

ఆ పుస్తకం ఒడిలో పెట్టుకుని అమ్మమ్మ స్పానిష్ చదవవచ్చు, మనవడు ఇంగ్లీషు చదవవచ్చు. బొమ్మ మాత్రం ఒక్కటే. ఏ భాషనూ బల్ల దగ్గరనుండి లేచిపొమ్మనలేదు.

ఇప్పుడు మార్కు సువార్త 5వ అధ్యాయం తెరవండి. యాయీరు కుమార్తెకు పన్నెండేళ్లు. చనిపోయిందని ఇల్లంతా ఏడుపులు. ఏసుప్రభువు ఆ బాలిక చేయి పట్టుకుని 'తలితాకూమి' అని పిలుస్తాడు. సువార్త రాసినది గ్రీకు భాషలో. ఈ మాట అరమాయిక భాషది. ఆ పాప తన తల్లి నోట రోజూ వినే భాష అది. ఇదే సంఘటనను చెప్పిన లూకా ఆ పిలుపును గ్రీకులోనే రాశాడు. మార్కు మాత్రం ప్రభువు పలికిన శబ్దాన్ని అలాగే ఉంచి, పక్కనే అర్థం కూడా రాశాడు. రెండు భాషలు ఒకే పుటలో! ఆ తరువాత ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ గమనించండి: పాపకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. అంత గొప్ప అద్భుతం జరిగిన గదిలో అందరూ నోరు తెరుచుకుని నిలబడ్డారు కాబోలు, పిల్లకు ఆకలి వేస్తున్నదని ఆయనకే తోచింది.

ప్రభువు ఆ బిడ్డను ఇంటి భాషలో పిలిచి, ఇంటివారి చేతనే అన్నం పెట్టించాడు. మన పిల్లలకు విశ్వాసం అందే తోవ కూడా ఇదే. 1964లో ద్వితీయ వాటికన్ మహాసభ కుటుంబాన్ని గృహ శ్రీసభ అన్నది, తమ బిడ్డలకు మొదటి విశ్వాస బోధకులు తల్లిదండ్రులేనన్నది. అంతకు ముందటేడు, 1963లో, అదే మహాసభ దైవార్చనలో మాతృభాషకు తలుపు తీసింది. లతీను పూజలో చేతులు కట్టుకుని నిలబడిన మన పెద్దలు తెలుగులో బదులు చెప్పగలిగారు. పీఠం దగ్గరకు వచ్చిన తెలుగు ఇంట్లో అన్నం దగ్గరనుండి వెళ్లిపోవడం ఏమి విడ్డూరం?

ఇంగ్లీషు ప్రార్థన మాన్పించమని కాదు నేను చెప్పేది. అది కూడా దేవునికి చేరే ప్రార్థనే, దానిని నేర్పిన మఠకన్యలకు కృతజ్ఞతలు. పాప ప్రార్థన ముగిశాక నాయనమ్మను తెలుగులో చెప్పమనండి. ఒక్కొక్క మాటా ఆమె చెబుతుంటే పాప వెనకనే చెప్పాలి. మరుసటి వారం పాప ఇంగ్లీషు మాటలు నాయనమ్మకు నేర్పాలి. ఆమె తడబడితే పాప నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఆరేళ్లలోపు పిల్లలకు వివరణలు ఎక్కవు, వారు చేతితోనూ నోటితోనూ నేర్చుకుంటారు. మంచినీళ్ల గ్లాసులు పెట్టడం వారి పని చేయండి. ఆ తమాలెల రేకులు నానబెట్టినట్టే ఇదీ. పాస్క భోజనం గురించి నిర్గమ కాండము 12వ అధ్యాయంలో పిల్లలు ఈ ఆచారమేమిటని అడుగుతారని, అడిగినప్పుడు చెప్పాలని ఉంది. మీ పిల్లలూ అడుగుతారు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని అప్పుడు గదమాయించకండి.

టీవీ, సెల్‌ఫోను సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 2015 నవంబరు 11న బుధవారపు ప్రసంగంలో దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు, భోజనం దగ్గర ఒకరి మాట ఒకరు వినక తెరలు చూసుకునేవారిది కుటుంబం కాదు, వసతి గృహం అన్నారు. మనవైపు కరెంటు పోయిన రాత్రే కబుర్లన్నీ బయటికి వస్తాయి.

రాత్రి డ్యూటీలు, ఆటో బాడుగలు ఉన్న ఇళ్లలో రోజూ కలిసి తినడం కుదరదని తెలుసు. వారానికి ఒక్క పూట ఎంచుకోండి, ఆ పూటను వదలకండి. టెక్సాస్‌లోనే స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ రాత్రి భోజనం వేళకు ఇక్కడ తెల్లవారుతుంది. ఉదయపు పూజకు బయలుదేరే ముందు అమ్మమ్మ ఫోనులో రెండు నిమిషాలు ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు.

మొన్న ఆ పాప తండ్రి పూజ తరువాత కనబడ్డాడు. ఇంట్లో ఇప్పుడు నాయనమ్మ ప్రార్థన, పాప ప్రార్థన రెండూ జరగాలట. ఒకటి తగ్గినా పాప ఎవరినీ ముద్ద ఎత్తనివ్వదట. "అన్నం చల్లారిపోతోందండీ" అని నా మీదే ఫిర్యాదు చేశాడు.