వాటాల సూచిక - దేశ ఆర్థిక స్థితి

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు దినపత్రికలో సెన్సెక్స్ ఇన్ని పాయింట్లు పెరిగినదనియో తగ్గినదనియో వార్త తరచుగా కనిపించుచుండును. ఆ అంకె పెరిగిన దేశము బాగుపడినట్లును, తగ్గిన చెడినట్లును పలువురు తలచుచుందురు. ఇందు నిజమెంతయో గ్రామ పెద్దలు తెలిసికొనుట అవసరము.

సూచిక యనగా నేమి? ఉద్దానములో ఒక రైతు తోటలో జీడిపిక్కలు, కొబ్బరికాయలు పండుచున్న వనుకొందము. ఒక సంవత్సరపు ఫలసాయము విలువను 100గా వ్రాసికొని, మరుసటి యేట అంతే పంటకు పదవ వంతు ఎక్కువ విలువ వచ్చినచో 110 అని వ్రాయవచ్చును. జీడి ఎక్కువగాను కొబ్బరి తక్కువగాను ఉన్న తోటలో జీడి ధరయే ఆ అంకెను ఎక్కువగా కదలించును.

సెన్సెక్స్ కూడ ఇట్టిదే. 1875లో స్థాపింపబడిన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి దీనిని 1986 నుండి ప్రకటించుచున్నది. ఇందు 30 పెద్ద కంపెనీల వాటాల విలువ లెక్కింపబడును. 1978-79 నాటి విలువ 100. 2024 జూలైలో ఇది 80,000 దాటినది.

సిమెంటు, వాహనములు బాగుగా అమ్ముడుపోయి, బ్యాంకుల అప్పులు సక్రమముగా వసూలైనచో కంపెనీల లాభములు పెరుగును. వాటాలకు గిరాకి కలుగును. కొనువారు నేటి లాభమునేగాక రేపటి లాభమును కూడ ఊహించి ధర చెల్లింతురు. కనుక దీర్ఘకాలములో సూచిక దేశాభివృద్ధి వెంట నడచును. ఒక్క దినపు హెచ్చుతగ్గులు మాత్రము కొనువారి ఆశను, భయమును తెలుపును.

2020 ఏప్రిల్-జూన్ నెలలలో కరోనా ఆంక్షల వలన దేశోత్పత్తి అంతకు ముందటి యేటికంటె దాదాపు నాలుగవ వంతు తగ్గినది. ఆ మూడు నెలలలోనే సెన్సెక్స్ 29,468 నుండి 34,916కు పెరిగినది. మదుపుదారులు ముందురోజులు బాగుండునని ఆశించిరి.

మన ప్రాంతపు అనుభవము మరింత స్పష్టమైనది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. ఆనాడే సెన్సెక్స్ సుమారు 760 పాయింట్లు పడి 34,001 వద్ద ముగిసినది. ఈ పతనమునకు కారణము తుపాను కాదు. అమెరికా మార్కెట్లు పడుట. మరునాడు సూచిక 732 పాయింట్లు తిరిగి లేచినది. ఉద్దానములో కూలిన చెట్లు అట్లే యుండెను. కొబ్బరి మొక్క నాటి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కొబ్బరి రైతు, పలాస జీడి పరిశ్రమలో పిక్కలు ఒలుచు కూలీ, వల వేయు మత్స్యకారుడు ఆ ముప్పది కంపెనీల లెక్కలో లేరు.

కావున పంచాయతీ సభ్యులు రెండు విషయములు గుర్తుంచుకొనవలెను. సూచిక పెరుగుచున్నదను మాట విని, పంట సొమ్మును, మదుపు పెట్టిన అప్పును వాటాలలో పెట్టరాదని గ్రామస్థులకు చెప్పవలెను. రెండవది, గ్రామమునకు సొంత లెక్క ఉండవలెను. ఎనుబది కిలోల జీడిపిక్కల బస్తా ధర, కొబ్బరికాయల ధర, దినకూలి, పనికై వలస వెళ్లిన కుటుంబముల సంఖ్య నెలనెలా ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఏ తోటలో ఎన్ని చెట్లున్నవో కూడ అందు చేర్చవలెను. తుపాను నష్టము అంచనా వేయుటకు అధికారులు వచ్చిననాడు అక్కరకు వచ్చునది ఆ పుస్తకమే.