కునుగి చెట్టు: నరికినా మళ్లీ లేచే అడవి మన గట్లకు నేర్పే పాఠం

పైన వీడియోలో జపాన్ అడవి చూసి చాలామంది "ఆ మొక్క ఎక్కడ దొరుకుద్ది?" అని అడుగుతున్నారు. డబ్బు పెట్టే ముందు ఇది చదవండి.

కునుగి ఓక్ జాతి చెట్టు. శాస్త్రీయ నామం క్వెర్కస్ అక్యుటిసిమా. చైనా, కొరియా, జపాన్ అడవుల్లో సహజంగా పెరుగుద్ది. ఆకు అంచు రంపం పళ్లలా ఉంటది. కాయ పక్వానికి రావడానికి రెండో ఏడు దాకా పడుతుంది.

జపాన్‌లో ఒయితా ప్రాంతపు కునిసాకి ద్వీపకల్పంలో వానలు తక్కువ, నేలలో నీరు నిలవదు. అందుకే అక్కడి రైతులు గుట్టల మీద కునుగి పెంచుతారు. ఆకులు రాలి నేల మెత్తబడి వాన నీళ్లు ఇంకుతాయి. ఆ నీరు దిగువన ఒకదానికొకటి కలిపిన చిన్న చెరువులకు, అక్కడి నుంచి వరి మళ్లకు చేరుద్ది. ఈ పద్ధతిని 2013లో ఎఫ్‌ఏఓ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

మరి ఆదాయం? షిటాకే పుట్టగొడుగులు.

1. ఆకు పండే కాలంలో చెట్టు నరికి, కొమ్మలతోనే కొన్నాళ్లు ఆరనిస్తారు.
2. సుమారు మీటరు దుంగలు కోసి, రంధ్రాలు చేసి విత్తనం దిగ్గొడతారు.
3. నీడలో పేరుస్తారు. రెండు వేసవులు దాటాక పుట్టగొడుగులు వస్తాయి.
4. పుచ్చిన దుంగ మళ్లీ నేలకే ఎరువు.

మోడు నుంచి చిగుళ్లు లేచి సుమారు 15 ఏళ్లకు మళ్లీ కోతకొస్తాయి. కారణం ఏంటంటే, చెట్టు నిద్రపోయే కాలంలో ఆహారం వేర్లలో దాచుకుంటుంది. అప్పుడు నరికితే వసంతంలో ఆ బలంతోనే చిగురేస్తుంది. పైగా అడవంతా ఒకేసారి కొట్టరు, ముక్కలు ముక్కలుగా కొడతారు.

మన దేశంలో మణిపూర్‌లో ఈ చెట్టు ఆకు మీద ఓక్ తసర్ పట్టుపురుగులు పెంచుతారు. తెలంగాణలో మహదేవ్‌పూర్ వైపు దసలి పట్టుకు మద్ది చెట్లున్నట్టే అన్నమాట.

నా మాట: మన మైదానాలకు కునుగి వద్దు. షిటాకేకి చల్లదనం కావాలి, మన ఎండలకు ఆరుబయట దుంగల మీద పండదు. పద్ధతి మాత్రం తీసుకోండి. గట్ల మీద గ్లిరిసిడియా వేసి, వేరు బాగా పట్టాకే కొట్టండి. ఒక్కో విడత ఒక్కో వరుసే కొట్టి, రొట్ట మొత్తం ఆచ్ఛాదనగా వేయండి. కొత్త చిగుళ్లను మేకల నుంచి కాపాడండి. మోడు బతికుంటే మళ్లీ నాటే ఖర్చుండదు.

మీ గట్ల మీద ఏ చెట్లున్నాయో కింద రాయండి.