కంది విపణిలో కాలవ్యత్యాసం: తాండూరు నుంచి జాంబేజియా వరకు

చిన్న, సన్నకారు రైతులకు విపణి వలన కలిగే నష్టాన్ని సాధారణంగా ధర స్థాయిని బట్టి అంచనా వేస్తారు. క్వింటాలుకు ఎంత పలికిందన్నది నిస్సందేహంగా ముఖ్యమే. అయితే ఆ ధరకు సంబంధించిన సంకేతం పంటకాలంలోని ఏ దశలో రైతుకు చేరిందన్నది అంతకన్నా ముఖ్యమని ఈ రచయిత అభిప్రాయం. విత్తనం నేలలో పడిన తరువాత వచ్చే సంకేతం రైతు నిర్ణయాన్ని మార్చజాలదు, అతని ఆదాయాన్ని మాత్రమే మార్చగలదు. 2015 నుంచి 2017 వరకు కంది పంట విషయంలో మన దేశంలోనూ, ఆఫ్రికాలోని మొజాంబిక్‌లోనూ జరిగిన పరిణామాలు ఇందుకు స్పష్టమైన నిదర్శనం.

ముందుగా పంట స్వభావాన్ని గుర్తుచేసుకోవాలి. కంది పగటి నిడివికి స్పందించే పంట. పగళ్లు కురచ అయినప్పుడే పూత దశకు చేరుతుంది. మన మెట్ట ప్రాంతాలలో జూన్, జూలై నెలల్లో విత్తిన మధ్యకాలిక రకాలు 150 నుంచి 180 రోజులు తీసుకొని డిసెంబరు, జనవరి నెలల్లో కోతకు వస్తాయి. దక్షిణార్ధగోళంలో ఉన్న మొజాంబిక్‌లో ఋతువులు తారుమారు. అక్కడి జాంబేజియా, నంపులా రాష్ట్రాల రైతులు నవంబరు, డిసెంబరు నెలల్లో మొక్కజొన్నతో కలిపి కంది విత్తుతారు. మొక్కజొన్న కోసిన తరువాత కంది పొలంలోనే నిలిచి, జూలై నుంచి సెప్టెంబరు వరకు కోతకు వస్తుంది. మన పాత నిల్వలు అడుగంటి, కొత్త పంట ఇంకా కల్లానికి రాని దసరా, దీపావళి రోజుల్లో ఆ సరుకు నకాలా, బైరా రేవుల నుంచి మన పప్పు మిల్లులకు చేరుతుంది. ఆ దేశంలో కందిపప్పు వాడకం స్వల్పం. కాబట్టి అక్కడి రైతుకు మన దేశం ఉన్న కొనుగోలుదారులలో ఒకటి కాదు, దాదాపు ఏకైక కొనుగోలుదారు.

2015లో వర్షాభావం వలన దిగుబడి తగ్గి, కందుల ధర క్వింటాలు 10,000 రూపాయలు దాటింది. కందిపప్పు చిల్లర ధర కిలో 200 రూపాయల వరకు వెళ్లింది. ఆ ఏడాది కనీస మద్దతు ధర బోనస్‌తో కలిపి 4,625 రూపాయలే. అంత ధర చూసిన రైతు మరుసటి వానాకాలంలో కంది వేయకుండా ఎట్లుంటాడు? పత్తి తగ్గించి అపరాలు వేయవలసిందిగా తెలంగాణ ప్రభుత్వం కూడా 2016లో సూచించింది. వర్షాలూ అనుకూలించాయి. దేశంలో కంది ఉత్పత్తి 2015-16లోని సుమారు 25 లక్షల టన్నుల నుంచి 2016-17లో 48 లక్షల టన్నులు దాటింది. అదే సంవత్సరంలో దాదాపు 7 లక్షల టన్నులు దిగుమతి అయ్యాయి. పప్పుకు గిరాకీ వ్యాకోచత్వం తక్కువ. ధర తగ్గినంత మాత్రాన ఇంట్లో పప్పు రెండింతలు వండరు. ఫలితంగా 2017 ఆరంభంలో తాండూరు మొదలుకొని అనేక మార్కెట్లలో ధర 5,050 రూపాయల మద్దతు ధర కన్నా దిగువకు పడిపోయింది.

గత సంవత్సరపు ధరను చూసి ఈ సంవత్సరం విత్తడం వలన ఏర్పడే ఈ ఊగిసలాటను ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ 1934లో సాలెగూటి సిద్ధాంతమన్నాడు. ఆ సిద్ధాంతంలో దోషం రైతు అంచనాలో ఉంటుంది. కానీ కంది విషయంలో ప్రభుత్వ నిర్ణయాల కాలం కూడా దానికి తోడైంది.

2016 జూలైలో భారత ప్రభుత్వం మొజాంబిక్‌తో అపరాల దిగుమతిపై అవగాహన ఒప్పందం కుదుర్చుకొన్నది. 2016-17లో లక్ష టన్నులతో ఆరంభించి 2020-21 నాటికి 2 లక్షల టన్నులకు పెంచడం దాని లక్ష్యం. ఆ కబురు మీద అక్కడి రైతు ఆ నవంబరులో విత్తాడు. ఇక్కడ ధరలు పడిపోవడంతో 2017 మార్చిలో మన ప్రభుత్వం 10 శాతం దిగుమతి సుంకం విధించింది. ఆగస్టు 5న ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలకు మినహాయింపు ఇచ్చినప్పటికీ, గ్రామాల్లో కొనుగోలు చేసేది ప్రైవేటు వర్తకులు. రేవు దాటుతుందో లేదో తెలియని సరుకును ఎవరు కొంటారు? సరిగ్గా కోతల కాలంలో అక్కడి ధర కుప్పకూలింది.

ఆ పరిమితి మన రైతుకైనా మేలు చేసిందా అన్నది తదుపరి ప్రశ్న. 2016 వానాకాలపు పంటను అతడు జనవరి నుంచి మార్చిలోగానే అమ్మివేశాడు. 2017 పంటను ఆగస్టుకు ముందే విత్తివేశాడు. ఆగస్టులో ధర నిలబడితే లాభపడేది నిల్వ ఉన్నవారు, అనగా మిల్లరు, టోకు వర్తకుడు. పైగా 2017-18 పంటకు కూడా మార్కెట్ ధర 5,450 రూపాయల మద్దతు ధరను అందుకోలేదు.

రైతు నిల్వ చేసి ఆగవచ్చు కదా అన్న సలహా తరచు వినవస్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో 86 శాతం రెండు హెక్టార్ల లోపువే. అటువంటి కమతంలో అంతరపంటగా పండే కందులు కొద్ది బస్తాలే. పెట్టుబడి అప్పు ఇచ్చిన ఆడ్తిదారు కల్లం దగ్గరే ఎదురుచూస్తుంటాడు. గింజలో తేమ 12 శాతం మించితే కొనుగోలు కేంద్రం తీసుకోదు. ఆరబెట్టకుండా ఇంట్లో ఉంచితే కొన్ని నెలల్లోనే పుచ్చు పడుతుంది. గిడ్డంగి రశీదుపై రుణ సదుపాయం కాగితం మీద ఉన్నా, నాలుగు బస్తాలకు ఆటో కిరాయి, హమాలీ, కాగితాల ఖర్చు పోగా మిగిలేది తక్కువ. కాబట్టి ఆగడమన్నది ఓపికకు కాక, ఆర్థిక స్తోమతకు సంబంధించిన విషయం.

ఈ వలయం 2017తో ముగియలేదు. 2021 మేలో దిగుమతులను మళ్లీ స్వేచ్ఛగా అనుమతించారు. 2023లో ధర తిరిగి 10,000 రూపాయలు దాటింది. రైతులు విస్తీర్ణం పెంచారు. 2025 ఆరంభంలో కొత్త పంట వచ్చేసరికి పలు మార్కెట్లలో ధర 7,550 రూపాయల మద్దతు ధర కన్నా తక్కువ పలికింది. సుంకంలేని దిగుమతి గడువును మాత్రం పొడిగిస్తూనే వచ్చారు. 2022లో తాండూరు కందికి లభించిన భౌగోళిక గుర్తింపు నాణ్యతకు తగిన ప్రత్యేక ధరను తేగలదేమో గాని, దేశమంతటా ధర జారుతున్నప్పుడు ఆ గుర్తింపు ఒక్కటే రైతును నిలబెట్టలేదు.

వినియోగదారుని దృష్ట్యా దిగుమతులు అవసరమే. పప్పు కిలో 200 రూపాయలైన నాడు కూలి కుటుంబమే ముందుగా పప్పు మానుకొంటుంది. పండించిన సన్నకారు రైతు కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు పప్పు కొనుక్కొనేవాడే. కనుక దిగుమతి ఉండాలా, వద్దా అన్నది ఇక్కడి చర్చనీయాంశం కాదు. ఎంత పరిమాణం, ఎంత సుంకం, ఎంతకాలం అన్న వివరాలు మే నెలాఖరులోగా ప్రకటించి, తదుపరి ఏడాది మే వరకు మార్చకుండా ఉంచినట్లయితే, మన రైతుకు జూన్ విత్తుకు ముందు, మొజాంబిక్ రైతుకు నవంబరు విత్తుకు ముందు లెక్క చూసుకొనే వ్యవధి ఉంటుంది. మద్దతు ధరను విత్తుకాలానికి ముందే ప్రకటిస్తున్నప్పుడు, దానిని నిలబెట్టగల లేదా నీరుగార్చగల దిగుమతి విధానాన్ని కోతల సమయంలో తేల్చడంలో ఔచిత్యం కనబడదు.

సేద్య విజ్ఞాన పరంగా చేయదగినది కొంత ఉన్నది. ధర ఎక్కువ పలికిన మరుసటి ఏడాది కందిని ఏకపంటగా వేయక పత్తి, జొన్న లేదా మొక్కజొన్నలో అంతరపంటగానే కొనసాగించడం, గింజను 9, 10 శాతం తేమకు ఎండబెట్టి గాలి చొరబడని మూడు పొరల సంచులలో నిల్వ చేయడం, నాలుగైదు ఊళ్లకు ఒక చిన్న పప్పు మిల్లు ఉండేటట్లు చూడడం వంటివి. మిల్లు ఉన్నచోట రైతు కందులతో పాటు పప్పునూ అమ్మగలడు, పొట్టు, నూక పశువుల దాణాకు మిగుల్చుకోగలడు.