చివరి బెంచీలోని బిడ్డ



జూన్ నెల రాగానే మన ఇళ్లలో ఒకటే చర్చ: బిడ్డను ఏ బడిలో చేర్పించాలి? భవనం చూస్తాం, బస్సు చూస్తాం, టై, బూట్లు చూస్తాం. "ఇంగ్లీషు మీడియమేనా?" అని అడుగుతాం. అడగడం తప్పు కాదు. కాని వీటిలో ఏదీ బడి మంచిదో కాదో చెప్పదు. చురుకైన బిడ్డ ఏ బడిలోనైనా నాలుగు అక్షరాలు నేర్చుకుంటాడు. చివరి బెంచీలో కూర్చున్న బిడ్డ సంగతి ఏమిటి? బడికి అసలైన పరీక్ష అదే.

మొదట చదువు సంగతి చూద్దాం. ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్క చేయడం నేర్పడమే ప్రాథమిక పాఠశాల మొదటి పని. మూడవ తరగతి నాటికి అందరికీ ఈ పునాది పడాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. ఈ సాయంత్రం మీరే పరీక్షించి చూడండి. పాఠ్యపుస్తకం వద్దు. నోటితో పాఠం గడగడా అప్పచెబుతూ, వేలు మాత్రం వేరే వరుస మీద ఉంచే పిల్లలు ఉన్నారు. బిడ్డ ఎన్నడూ చూడని చిన్న కథ ఇచ్చి చదివించండి. తర్వాత "ఏం జరిగింది?" అని అడగండి.

బిడ్డ తడబడితే కోప్పడకండి. మరునాడు టీచరుగారిని కలిసి, "మా వాడు ఎక్కడ ఆగిపోతున్నాడమ్మా?" అని అడగండి. "ఒత్తుల దగ్గర తడబడుతున్నాడు, రోజూ పది నిమిషాలు చదివిస్తున్నాను" అని చెప్పగలిగితే, ఆమెకు మీ బిడ్డ తెలుసు. "మీ వాడికి శ్రద్ధ లేదండీ" అన్న మాటతోనే సరిపెడితే ఆలోచించవలసిందే.

ఫ్రాన్సు దేశంలో 17వ శతాబ్దంలో పేద పిల్లలకు బడులు నడిపిన పునీత జాన్ బాప్టిస్ట్ ద లాసాల్ ఈ సంగతి ఎరిగినవారు. ఆయన బడుల్లో లాటిను కంటే ముందు పిల్లల సొంత భాషలోనే చదవడం నేర్పేవారు. ఒక్కొక్క బిడ్డ గుణగణాలను ఉపాధ్యాయులు రాసిపెట్టుకునేవారు. 1950లో 12వ పయస్ పోపుగారు ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించారు.

రెండవది సంరక్షణ. సోమవారం ఉదయం రాగానే కడుపునొప్పి అనే బిడ్డ ఊరికే మారాం చేస్తున్నాడని అనుకోవద్దు. దేనికి భయపడుతున్నాడో దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. పాప సీసాలోని నీళ్లు తాగకుండా తిరిగి తెస్తోందా? ఒకసారి బడికి వెళ్లి మరుగుదొడ్డి చూసి రండి. అది బాగుండక నీళ్లు మానుకునే ఆడపిల్లలు ఉన్నారు.

2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. ప్రాథమిక తరగతుల్లో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చెప్పింది. అయితే మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలన్న ప్రశ్న 2025లో కోర్టు ముందుకు వచ్చింది. కోర్టులో ఏది తేలినా మన విచారణ పాఠశాలలు తమను తాము అడగవలసిన ప్రశ్న ఒకటుంది. రాజ్యాంగం మనకు బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు బిడ్డకు తక్కువ చేయడానికా, ఎక్కువ చేయడానికా? చట్టం అడగకపోయినా ఒక్క బిడ్డనూ కొట్టకుండా, ఒక్కరినీ వెనుక వదిలిపెట్టకుండా నడిచే బడినే మన బడి అని చెప్పుకోగలం.

భారమంతా బడి మీద వేసి మనం తప్పుకోకూడదు. బిడ్డలకు మొదటి ఉపాధ్యాయులు తల్లిదండ్రులేనని 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్యపై చేసిన ప్రకటనలో బోధించింది. "నాలుగు తగిలించండి టీచరుగారూ, అప్పుడే దారికొస్తాడు" అని మనమే చెప్పివచ్చిన రోజులు లేవా? మన చేతులతో బెత్తం అందించి, బడిలో ప్రేమ లేదని అనడం న్యాయమా? చదువు రాని తల్లి సైతం రాత్రి దీపం దగ్గర బిడ్డ పక్కన కూర్చుని, "చదువు నాయనా, వింటాను" అనవచ్చు. బిడ్డకు ఆ వినే చెవి పెద్ద బలం.

నూరు గొర్రెలలో తప్పిపోయిన ఒక్కదాని కోసం వెదకిన కాపరి కథ మన పిల్లలకు చెబుతుంటాం. ఆ కథ మన తరగతి గదుల్లోనూ కనిపించాలి.

కుటుంబంలో చర్చించుకోండి:

1. మన బిడ్డ తెలియని పేజీని చదివి అర్థం చెప్పగలడా?

2. బడిలో వాడు దేనికైనా, ఎవరికైనా భయపడుతున్నాడా?

3. మార్కులు తెలుసుకోవడానికి కాక, బిడ్డ గురించి మాట్లాడడానికి టీచరుగారిని చివరిసారి ఎప్పుడు కలిశాం?