కౌమారంలో ఏది వయసు తీరు, ఏది వ్యాధి లక్షణం

తలుపు వేసుకొని కూర్చోవడం, ఎదురు చెప్పడం, అర్ధరాత్రి దాకా ఫోను చూడడం కౌమారంలో సర్వసాధారణం. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను వ్యాధిని సూచించదు. అయితే 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. నలభైమంది ఉన్న తరగతిలో దాదాపు ముగ్గురన్నమాట.

ప్రవర్తన మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ కొలత కాదు. ఆ బిడ్డ తన మునుపటి తీరు నుండి ఎంత మారినదీ, మార్పు ఎన్నాళ్లుగా, ఎన్ని చోట్ల కనిపిస్తున్నదీ చూడవలెను. ఇంట్లో విసుక్కున్నా బడిలో చదువుతూ, సాయంత్రం స్నేహితులతో ఆడుకునే పిల్లవాడి విషయంలో ఓపిక పట్టవచ్చు. నిద్ర, తిండి, స్నానం, చదువు, స్నేహం రెండు వారాలకు మించి గాడి తప్పితే వైద్యునికి చూపించవలెను. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇటువంటి నీరసాన్ని కలిగించగలవు.

కేకలు వేసే కొడుకును ఇల్లంతా గమనిస్తుంది. మాట తగ్గించిన కూతురిని మాత్రం ‘బుద్ధిమంతురాలైంది’ అని మెచ్చుకుంటుంది. వ్యాధి ఎక్కువగా దాగేది ఈ మెప్పు చాటునే.

కినత్తుకడవు ప్రాంతపు తెలుగు ఇళ్లలో మరొక చిక్కు ఉన్నది. ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళం లేదా ఇంగ్లీషు. తన బాధకు బిడ్డ ఎరిగిన పేరు తమిళంలో ఉండవచ్చు. పెద్దలు దానికి తెలుగులో పెట్టే పేరు ‘పొగరు’. బిడ్డ ఏ భాషలో చెప్పుకున్నా మధ్యలో సరిదిద్దక వినవలెను.

కొన్ని లక్షణాలకు రెండు వారాల గడువు వర్తించదు. చావు మాట, చేతిపై కోతలు, మండుటెండలోనూ విప్పని నిండు చేతుల చొక్కా, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టడం, ఎవరికీ వినబడని గొంతులు వినబడడం, అన్నంలో విషం కలిపారన్న అనుమానం వంటివి కనిపిస్తే ఆనాడే ఆసుపత్రికి తీసుకువెళ్లవలెను. చావు గురించి నేరుగా అడిగితే ఆ తలంపు పుడుతుందన్న భయం నిరాధారం. బిడ్డను ఒంటరిగా విడువరాదు. కొబ్బరి తోటలు, కూరగాయల సాగు ఉన్న ఇళ్లలో పురుగుల మందును తాళం వేసి ఉంచడం అన్నిటికంటే ముందు పని. పోలీసు కేసుకు జడిసి ఆత్మహత్యా యత్నాన్ని దాచేవారు ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అట్టివారిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగా భావించి, వారికి చికిత్స అందించవలసిన బాధ్యతను ప్రభుత్వంపై ఉంచినది.

పొన్మలై కొండెక్కి మురుగనికి మొక్కుకోవడానికి అభ్యంతరం లేదు. వైద్యం మాత్రం మొక్కు తీరేదాకా ఆగరాదు. కోయంబత్తూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మార్పు ఎప్పుడు మొదలైనదీ, నిద్ర ఎన్ని గంటలకు తగ్గినదీ, బడికి ఎన్ని రోజులు పోనిదీ ఒక కాగితంపై రాసుకొనిపోతే వైద్యునికి ఉపకరిస్తుంది.