సముద్రపు గాలి – మన చదువు

లక్డీకాపూల్‌లో కూర్చుని సముద్రం గురించి మాట్లాడితే మిత్రులు నవ్వుతారు. మన రాష్ట్రానికి తీరమే లేదాయె! కాని గాలి విలువ రైతుబిడ్డకు తెలుసు. నా చిన్నప్పుడు కళ్లంలో కందులు తూర్పారబట్టేందుకు మా నాయన గాలి కోసం గంటల తరబడి కాచుకునేవాడు.

గాలి వేగం రెండింతలైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుంది. సముద్రం మీద కొండలు, చెట్లు అడ్డురావు గనుక అక్కడ గాలి బలంగా, నిలకడగా వీస్తుంది. అందుకే డెన్మార్క్ వారు 1991లో విండెబీ దగ్గర సముద్రంలో 11 గాలిమరలు నిలిపారు. అవి పాతికేళ్లు పనిచేశాయి. అదే ఏడు కేరళలోని విళింజంలో మద్రాసు ఐ.ఐ.టి. వారు అలల నుంచి కరెంటు తీసే 150 కిలోవాట్ల కేంద్రాన్ని నడిపి చూపారు. సముద్రపు గాలి విద్యుత్తుకు మన దేశం 2015లో ఒక జాతీయ విధానం ప్రకటించింది.

ఈ విద్యలో పునాదుల నిర్మాణం, అలల తాకిడి, ఉప్పునీటి తుప్పు, సముద్రం అడుగున వేసే కేబుళ్లు అన్నీ నేర్వాలి. ఒక్క బి.ఎస్సీ.తో ఎం.టెక్. సీటు రాదు. సాధారణంగా ఎమ్మెస్సీ చేసి, గేట్ రాయాలి. అంటే ఇంటి మీద మరో నాలుగేళ్ల భారం.

"ఇంకా ఎన్నేండ్లురా?" అని నాయన అడుగుతాడు. గాలి వచ్చేదాకా కళ్లం విడువరాదని నేర్పింది నువ్వే కదా నాయనా!