నేతగాని నడుము

ఓరుగల్లు నగరమునందలి కొత్తవాడ జంపఖానాల నేతకు పేరెన్నికగన్నది. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుంటమగ్గముపై నేయువాడు కాళ్లను గుంటలోనికి జారవిడిచి, ముందునకు వంగి, గంటల తరబడి కూర్చుండును. నేసినంతకే కూలి గనుక నడుము నొచ్చినను లేచుటకు వెనుకాడును.

ఈ నొప్పికి కారణమేమి? నడుము భాగమున ఐదు వెన్నుపూసలు కలవు. వాని మధ్య మెత్తని బిళ్లలుండును. పెద్దవారిలో ఈ బిళ్లలకు రక్తనాళములు దాదాపుగా ఉండవు. శరీరము కదలుచున్నప్పుడే వానికి పోషకద్రవము చక్కగా అందును. కదలక వంగి కూర్చున్నచో బిళ్లలపై ఒత్తిడి పెరుగును; కండరములు అలసిపోవును.

గంటల కొలది వంగి చదువు విద్యార్థికిని ఇదే ముప్పు కలదు. అయితే లేచినందువలన అతని కూలి పోదు. కావున అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయవలెను. కూర్చున్నప్పుడు వీపునకు ఆనుడు ఉండవలెను. పాదములు నేలకు తాకవలెను. పుస్తకమును ఎత్తుగా నుంచుకొనవలెను. ప్రతిదినము నడక, ఆటలు నడుమునకు బలమిచ్చును. నొప్పి తగ్గకున్నను, కాళ్లు తిమ్మిరెక్కినను వైద్యునికి చూపవలెను.

దారము తెగినచో క్షణములో ముడివేయవచ్చును. నడుము పట్టినచో బాగగుటకు దినములు పట్టును.